ఆ రోజు కారు ఎందుకు స్టార్ట్ కాలేదంటే

ఈ మాట పదేళ్ళకు పైగా నా కడుపులోనే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. పైకి చూస్తే ఇదేమంత పెద్ద సంగతి కాదు, మీరు నవ్వినా నవ్వొచ్చు. ఒక పాత కారు ఒక రోజు పొద్దున స్టార్ట్ కాలేదు, అంతే. కానీ ఎందుకు కాలేదో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నోరు తెరిచి అన్న మాట అంతకంటే ఘోరం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర చెప్పుకోగలుగుతున్నాను.

అప్పట్లో ఈ పరాయి దేశంలో, కెల్లీవిల్ అనే శివారు పేటలో, ఒకే అద్దె ఇంట్లో అందరం కలిసి ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా చంటిది, మా మరిది, అతని భార్య మాధవి. మాధవి ఇండియా నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చక్కగా ఉద్యోగం చేసుకున్న పిల్ల. ఇక్కడికొచ్చి నా కూతుర్ని ఆడిస్తూ ఇంట్లో కూర్చుంది. నేనప్పుడే కొత్త ఉద్యోగంలో చేరాను, ప్రొబేషన్ ఇంకా అవలేదు. చైల్డ్‌కేర్‌లో పేరు రాయించాం గానీ పిలుపు రాలేదు. పొద్దున్నే పిల్లను మాధవి చేతుల్లో పెట్టి వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రం నేను వచ్చేసరికి దానికి స్నానం చేయించి, అన్నం తినిపించి, ఎత్తుకుని గుమ్మంలో నిలబడేది. దాన్ని సాయం అని ఏనాడూ అనుకోలేదు నేను. ఇంట్లో మనిషి, చేస్తుంది కదా అనుకున్నాను.

అలాంటప్పుడు పెండిల్ హిల్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబ్ వాళ్ళు తనను ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఎన్నిటికో అప్లై చేయగా వచ్చిన మొదటి పిలుపు అది. ఇంట్లో అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను, అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒకటే ఆలోచన. ఈ అమ్మాయికి ఉద్యోగం వస్తే నా పిల్లను ఎవరు చూస్తారు? నా ఉద్యోగం ఏమైపోతుంది?

ఇంటర్వ్యూ రోజు పిల్లకోసం నేను సెలవు పెట్టాను. మగవాళ్ళిద్దరూ ఆఫీసుకి వెళ్ళిపోయారు. మాధవి దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు పక్క సీట్లో పెట్టుకుని కారెక్కింది. బయల్దేరుతుంటే శకునానికి ఎదురు రమ్మని తనే అడిగితే నేను చంటిదాన్ని ఎత్తుకుని డ్రైవ్‌వేలో నిలబడ్డాను. తాళం తిప్పింది. ఇంజన్ గరగరమంటూ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే.

నాకు వెంటనే అర్థమైంది. అంతకు కొన్నాళ్ళ ముందు రైల్వే స్టేషన్ కార్ పార్కులో ఇదే కారుతో నాకూ సరిగ్గా ఇలాగే అయింది. ఆగిపోయిన కార్లు బాగుచేసే రోడ్‌సైడ్ సర్వీసతను వచ్చి, తాళం సగం తిప్పి వినమన్నాడు. మామూలుగా అయితే వెనక సీటు కింద పెట్రోలు పంపు ఒక్క క్షణం సన్నగా మూలుగుతుంది. అది వినపడకపోతే ముందు ఫ్యూజ్ చూడాలి. బానెట్ కింద నల్ల డబ్బా, దాని మూత లోపలే స్పేర్ ఫ్యూజులు. పాతది పీకి కొత్తది గుచ్చడమే. నా చేత్తోనే మార్పించాడు కూడా. ఆ రోజు డ్రైవ్‌వేలో వెనక తలుపు తీసే ఉంది. మాధవి తాళం తిప్పిన ప్రతిసారీ చెవులు రిక్కించి విన్నాను. పంపు మూలగడం లేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? మొదటి నిమిషం ఖాయంగా తెలియదు కదా అనుకున్నాను. రెండో నిమిషంలో చెబుదామనే అనుకున్నాను. ఈలోగా పక్కింటి తెలుగు అంకుల్ వచ్చారు. “లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదమ్మా, బ్యాటరీ కాదు” అన్నారు. అయినా ఎందుకైనా మంచిదని కేబుల్స్ తెచ్చి తన కారుకి కలిపి చూశారు. పెట్రోలు ముల్లు చూశారు. ఇక మెకానిక్‌ని పిలవాల్సిందే అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. అంతసేపూ నేను పిల్ల వీపు నిమురుతూ నిలబడ్డాను. నేనేం కారు పాడుచేయలేదు కదా. ఇన్నేళ్ళూ నన్ను నేను సముదాయించుకున్నది ఈ ఒక్క మాటతోనే.

అప్పుడు మాధవి కారు దిగి అడిగింది. “అక్కా, టాక్సీ పిలుద్దామా? ఇంకా టైముంది.”

“గడప దాటగానే అడ్డం వచ్చింది. నేనైతే వెళ్ళను. తర్వాత నీ ఇష్టం.”

“నిజంగా వద్దంటావా?”

“ఇది కాకపోతే ఇంకోటి వస్తుందిలే.”

అంతే మా మధ్య నడిచింది. నాకు శకునాల మీద నమ్మకం ఉందా అంటే, పిల్లి ఎదురొచ్చినా ఆగే రకం కాదు నేను. మాధవి అలా కాదు. ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి గానీ బయల్దేరదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. నోరు మూసుకుని ఉన్నా ఆ రోజు తను టాక్సీలో వెళ్ళిపోయేది. నేను మాట్లాడి మరీ ఆపాను.

మర్నాడు స్టేషన్ దాకా వెళ్ళడానికి నాకు కారు కావాలి. అందుకే ఆ మధ్యాహ్నమే మాధవి చంటిదాన్ని నిద్రపుచ్చుతుంటే వెళ్ళి ఫ్యూజ్ మార్చాను. కారు స్టార్ట్ అయింది. చప్పుడు విని తను బయటికి వచ్చింది. దానంతట అదే అయింది అన్నాను. మాధవి రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. సాయంత్రం టీవీలో పెండిల్ హిల్ వెళ్ళే దారిలో ఏదో యాక్సిడెంట్ అయిందని చెప్పారు. ఇంకేముంది, అక్క ఆపబట్టి బతికాను అని కనపడిన వాళ్ళందరికీ చెప్పింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే చైల్డ్‌కేర్ నుంచి పిలుపు వచ్చింది. మాధవి మాత్రం మళ్ళీ ఎక్కడా అప్లై చేయలేదు. ఇక్కడ ఉద్యోగం నాకు రాసిపెట్టి లేదక్కా అనేది. తనకూ పిల్లలు పుట్టారు, రౌస్ హిల్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళారు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు నాకు ఫోన్. నీ నోటి మాట నాకు అచ్చొస్తుంది అక్కా అనేది. వరలక్ష్మీ వ్రతం నాడు వాయనం ఇచ్చి నా కాళ్ళకు దండం పెట్టేది. అప్పుడల్లా కాళ్ళు వెనక్కి లాక్కోవాలనిపించేది.

మొన్నామధ్య మాధవి మళ్ళీ ఒక ల్యాబ్‌కి అప్లై చేసింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారని. ఇంటర్వ్యూ రోజు పొద్దున ఫోన్ చేసింది. కొత్త కారు బటన్ నొక్కితే స్టార్ట్ కావడం లేదట. వెళ్ళనా మానుకోనా అక్కా, నువ్వెలా అంటే అలా అంది. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని నొక్కమన్నాను. ఆ కంగారులో బ్రేక్ మీద కాలు పెట్టడం మర్చిపోయిందట. కారు స్టార్ట్ అయింది. హమ్మయ్య అని ఫోన్ పెట్టేయబోయింది. ఆగమని, ఆ పాత రోజు సంగతి మొత్తం చెప్పేశాను. పంపు, ఫ్యూజ్, నా పిల్ల, నా ఉద్యోగం, ఒక్కటీ దాచలేదు. క్షమించమని అడగడానికి మాత్రం ముఖం చెల్లలేదు.

అంతా విని మాధవి ఫోన్ పెట్టేసింది.

ఇంటర్వ్యూకి వెళ్ళిందని మా మరిది చెప్పాడు. ఏమైందో నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందనుకోను. మాధవి అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. బాధగా లేదా అంటే ఉంది. కానీ ఆ రాత్రి ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఇప్పుడు తను నన్ను తిట్టుకుంటూ ఉండొచ్చు, అసహ్యించుకుంటూ ఉండొచ్చు. ఏమనుకున్నా ఇప్పుడు తను అనుకుంటున్నది ఉన్నదున్నట్టుగా నా గురించే, నేను కాని ఏ మంచి అక్క గురించో కాదు.