పద్నాలుగో టిక్కు

ఒరెస్ట్ హావ్రిలుక్ డాఫిన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. అన్నేళ్ళలో అతని బస్సు ఒక్కసారి కూడా రోడ్డు పక్క కాలవలోకి దిగలేదు. జనవరి నెలలో కెనడాలోని మా మానిటోబా కంకర రోడ్ల మీద బస్సు నడిపేవాళ్ళలో ఈ మాట చెప్పుకోగలిగినవాళ్ళు తక్కువ. నేను చెప్పుకోలేను. రెండుసార్లు దిగాను.

నాకు పని నేర్పింది అతనే. నాకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా నన్ను "పిల్లా" అనే పిలిచేవాడు. అతని బస్సులో పిల్లలందరికీ అతను "గీదో". మా ఉక్రేనియన్ ఇళ్ళలో తాతను పిలిచే పిలుపది. ఆ భాషలో ఇంకో ముక్క రాని పిల్లలు కూడా తలుపు తెరుచుకోగానే "గీదో, గుడ్ మార్నింగ్" అని అరుస్తూ ఎక్కేవాళ్ళు.

మొదటి రోజు అతను నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు.

"బ్రేకులూ గేర్లూ తర్వాత. ముందు నడక నేర్చుకో" అన్నాడు.

బస్సు ఖాళీ అయ్యాక డ్రైవరు తన సీటు దగ్గర్నుంచి చివరి సీటు దాకా నడవాలి. ప్రతి సీటు మీదా చూడాలి, వంగి కిందా చూడాలి. వెనక్కి వచ్చి, స్టీరింగ్ పక్కన తగిలించిన అట్ట మీది కాగితంలో టిక్కు పెట్టాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దున్నే లేపి ఎక్కించిన చిన్నపిల్లలు వెనక సీట్లలో నిద్రపోతారు. మైనస్ ముప్పైలో, తాళం వేసిన బస్సులో, అలా ఉండిపోయిన పిల్ల ఎంతసేపు ప్రాణంతో ఉంటుందో నన్నే లెక్క వేయమన్నాడు. నేను వేయలేదు. నడిచాను.

కొత్త బస్సుల్లో వెనక ఒక గంట ఉంటుంది. ఇంజను ఆపగానే మోగుతుంది. చివరిదాకా వెళ్ళి బొత్తం నొక్కితే గానీ ఊరుకోదు. కొత్త బస్సు ముందు అతనికే ఇస్తామన్నారు. అతను వద్దన్నాడు.

"నడవడానికి నాకు గంట కొట్టాలా? నేనేమన్నా ఆవునా?"

చలికాలమంతా అతని కాలక్షేపం కంప్యూటర్లు. ముక్కలు ముక్కలుగా తెప్పించి వంటింటి బల్ల మీద బిగించేవాడు. ఊళ్ళో ఇరవై ఇళ్ళల్లో అతను కట్టిన మిషన్లు ఉన్నాయి. బిగించడంలో కూడా బస్సు పద్ధతే. ఆకుపచ్చ అట్ట ఉన్న నోటు పుస్తకంలో ప్రతి పనికీ ఒక అంకె, ఎదురుగా టైము, పక్కన టిక్కు. మిషన్ మొండికేస్తే అతను చెప్పే సూత్రం ఒకటే. ఒకేసారి రెండు మార్చకు. టిక్కు ఉన్నదాని జోలికి మళ్ళీ పోకు, టిక్కు లేనిది వెతుకు.

ఒక ఏడాది, జనవరి ఏడున వచ్చే మా ఉక్రేనియన్ క్రిస్మస్ అయిపోయిన మర్నాడు, అంటే ఎనిమిదిన, తనకోసం ఒకటి కట్టుకున్నాడు. చర్చి బృందం పాడిన పాటల పాత క్యాసెట్లు అరవై దాకా ఉన్నాయి, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని. ఆ మిషన్ మొదటి రోజు నుంచీ హ్యాంగ్ అవుతూనే ఉంది. పాట సగంలో తెర బిగుసుకుపోయేది. ఒక్కోసారి నిమిషానికి కదిలేది, ఒక్కోసారి మొత్తం ఆపి మళ్ళీ వేసుకోవాల్సి వచ్చేది. మెమరీ పలకలు ఒక్కొక్కటే మార్చి చూశాడు. విండోస్ తుడిచేసి రెండుసార్లు ఎక్కించాడు. డిస్కు మార్చాడు, కేబుళ్ళు మార్చాడు. మూడో శనివారం పొద్దున నాకు ఫోన్ చేశాడు. మా ఇంట్లో మిషన్‌కున్న పవర్ సప్లై ఊడదీసి పట్టుకురమ్మన్నాడు.

నేను వెళ్ళేసరికి పది.

"బూట్లు అక్కడే విప్పు, పిల్లా. వేరా ఇప్పుడే తుడిచింది. అడుగు పడిందా, ఇద్దర్నీ బయట పడుకోబెడుతుంది."

అతని భార్య వేరా బల్లకి ఒక చివర కూర్చుని ఉంది. చేతుల నిండా పిండి. పిరోహీలలో ఆలూ ముద్ద పెట్టి అంచులు నొక్కుతోంది. రెండో చివర, పక్క రేకు ఊడదీసిన కంప్యూటర్.

"పడుకోబెడితే దాన్నే పడుకోబెడతా" అంది వేరా, పెట్టె వైపు గడ్డం చూపిస్తూ. "మూడు వారాల్నించీ నా బల్ల మీద తిష్ఠ వేసింది. మా అత్త కూడా ఇన్నాళ్ళు ఉండేది కాదు."

ఒరెస్ట్ పాట పెట్టాడు. ఆడగొంతులు లేచాయి. తెర మీద ఆకుపచ్చ అలలు కాసేపు పరుగెత్తి, ఒక్కసారిగా నిలబడిపోయాయి. మౌస్ కదల్లేదు.

"అదిగో. చచ్చింది."

"దాని తప్పేముంది?" అంది వేరా. "చర్చిలో కూడా అక్కడే ఆగేవాళ్ళం. ఆ పైస్వరం దగ్గర స్టెఫానియాకి ఊపిరి అందేది కాదు."

"వేడి ఎంతుందో చూశావా?" అన్నాను.

"వేడా? బయట మైనస్ ముప్పై నాలుగు. ఈ ఊళ్ళో వేడెక్కి చచ్చిన వస్తువేదైనా చూశావా నువ్వు?"

"అది కాదు. చూశావా, లేదా?"

"మొదటి రోజే చూశా. ముప్పై ఎనిమిది డిగ్రీలు. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో ఉందంటే ఇక అడిగేది లేదు. మిషన్ ఆన్ చేసిన నిమిషంలోనే చూసి ఉంటాడని, పని చేస్తుండగా చూసి ఉండడని నాకు తట్టలేదు. తట్టినా అనేదాన్ని కాదేమో.

గంటసేపు నా పవర్ సప్లై బిగించాం. పాట పెట్టాం. అదే చోటు కాదు, ఇంకాస్త ముందే ఆగింది. వేరా మాకు రెండు కప్పుల కాఫీ పోసి పెట్టింది.

కేబుల్ ఒకటి ఫ్యానుకు తగులుతుంటే పక్కకు జరుపుదామని చెయ్యి లోపల పెట్టాను. నా వేళ్ళు కూలర్ మీద ఆనాయి. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని, దాని వేడిని పైకి లాగే లోహపు రెక్కల దిమ్మ అది. మిషన్ అంత పని చేస్తుంటే పొయ్యి గొట్టంలాగా చేతికి వెచ్చగా తగలాలి.

"ఒరెస్ట్, ఇది చల్లగా ఉంది."

"మంచిదేగా. చల్లబెట్టడమే దాని..."

అక్కడ ఆగాడు. తనూ చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వేడి పైకి రావట్లేదు" అన్నాడు.

నాలుగు మరలు ఊడదీసి కూలర్ పైకెత్తాడు. తిరగేశాడు. రాగి అడుగు మీద పల్చటి ప్లాస్టిక్ పొర, గీతలు పడకుండా తయారుచేసిన చోటే అంటించేది, అలాగే ఉంది. వేడికి ముడతలు పడి, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. దాని మీద నీలి అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. బిగించే ముందు ఈ పొర తీసెయ్యండి.

వేరా నవ్వింది. పిండి చేత్తో నోరు మూసుకుని మరీ నవ్వింది.

"ఇలాగే పొర తీయకుండా బిగించుకున్నాడని లైబ్రరీలో అందరి ముందూ ఆ పళ్ళ డాక్టర్ని పట్టుకుని ఏమన్నావూ? చాక్లెట్ కాగితంతో సహా తిన్నట్టుందనలేదూ? ఇప్పుడు నువ్వేం తిన్నావు? ఫోన్ చేసి చెప్పనా ఆయనకి?"

నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. పొర వైపు కూడా చూడటం లేదు. నోటు పుస్తకం దగ్గరికి లాక్కుని, ఎనిమిదో తేదీ పేజీ తీసి, వేలు కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. వేలు కింద అతని చేతిరాత.

14. కూలర్ అడుగు పొర తీశాను. 10:40. పక్కన టిక్కు.

"తీశాను, పిల్లా" అన్నాడు.

నేను పేజీ నా వైపు తిప్పుకుని చదివాను.

"తీసినట్టు గుర్తుంది. చర్రున ఊడిన చప్పుడు కూడా గుర్తుంది."

"వేరే మిషన్‌ది అయ్యుంటుందిలే ఆ చప్పుడు. ఎన్ని కట్టలేదు నువ్వు."

"అదే నేనూ అంటున్నా."

అతని మొహంలో రంగు లేదు. వేరా నవ్వు ఆపేసి చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది. "ఏంటి ఒరెస్టూ, ఒక ప్లాస్టిక్ ముక్కకి?" అంది. అతను పుస్తకం మూసేశాడు. నన్ను అడిగాడు.

"నిన్న సాయంత్రం నా పక్కనే బస్సు పెట్టావు. నేను చివరిదాకా నడిచానా?"

"నేను చూళ్ళేదు."

"నడిచినట్టే గుర్తుంది నాకు" అన్నాడు, లేచి కోటు తగిలించుకుంటూ.

బస్సుల షెడ్డుకు వెళ్ళే దారిలో నేనే బండి నడిపాను. ఎవరింట్లోనూ పిల్లలు తప్పిపోలేదని, తప్పిపోతే నిన్న రాత్రే ఊరంతా తెలిసేదని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ "తెలుసు" అన్నాడు. షెడ్డు దగ్గర బస్సులన్నీ ఇంజన్లు గడ్డకట్టకుండా వేడిచేసే కరెంటు తీగలు తగిలించుకుని వరసగా ఉన్నాయి. అతను తన బస్సు తాళం తీశాడు.

బస్సెక్కి, స్టీరింగ్ పక్కన నిలబడిపోయాడు.

"నువ్వు నడువు. నేను చూసింది నేను నమ్మను."

నడిచాను. ఒక్కో వరసా, పైనా కిందా. పదో వరస దాకా ఏమీ లేదు. వెనక్కి తిరిగి చెబుదామనుకుంటూనే పదకొండో వరస, చివరిది, వంగి చూశాను. సీటు కింద నేలకి అంటుకుని కాగితం గుడ్లగూబ. ఒకటో క్లాసు పిల్లలు కత్తిరించి రంగులు వేసేలాంటిది. పిల్లల బూట్ల మంచు కరిగి, గడ్డకట్టి, మళ్ళీ కరిగి గడ్డకట్టి దాన్ని పొరలు పొరలుగా కప్పేసింది. ఒక్క రోజులో పేరుకునే మంచు కాదది. అద్దాలు గీకే రేకుతో చెక్కి పైకి తీశాను. వెనక పక్క పెన్సిలుతో పేరూ తేదీ ఉన్నాయి. ఆ టీచరు ప్రతిదాని మీదా రాయిస్తుంది. కోరా. జనవరి 21, మంగళవారం.

అది శనివారం.

ముందుకు వచ్చేసరికి అతను అట్ట మీది కాగితం చూస్తున్నాడు. నేను గుడ్లగూబను అందించాను. తేదీ చదివి, కాగితం మీద వేలితో లెక్కపెట్టాడు. మంగళవారం సాయంత్రం. బుధవారం పొద్దున, సాయంత్రం. గురువారం. శుక్రవారం. ఏడు టిక్కులు. అన్నీ ఒకే వాలులో, ఒకే పొడవులో, చక్కగా ఉన్నాయి.

మొదటి సీట్లో కూలబడ్డాను. అక్కడ ఉన్నది కాగితం. కానీ ఏడుసార్లు అది అక్కడ ఉంది. ఏడుసార్లు ఈ మనిషి అది లేదని సంతకం పెట్టాడు. నాకు నడక నేర్పిన మనిషి.

"నిన్న శుక్రవారమే సంచిలోంచి జారి ఉంటుంది" అన్నాను.

"ఆ మంచు నువ్వే చెక్కావు."

"ఎవరికీ చెప్పక్కర్లేదు, ఒరెస్ట్. నేనైతే చెప్పను. సోమవారం నుంచి జాగ్రత్తగా ఉంటే సరి."

అతను గుడ్లగూబ రెక్క మీద మంచు బొటనవేలితో తుడిచాడు.

"అజాగ్రత్తగా ఉన్నానని నాకు తెలిసుంటే నీ మాట సబబే, పిల్లా. నాకు తెలియలేదు. నడిచాననే ఉంది నాకు. ఇప్పటికీ, ఇది చేతిలో పెట్టుకుని కూడా, నడిచాననే ఉంది."

తొడుగు విప్పి ఫోన్ తీశాడు. మా పై అధికారి బెవ్ గొంతు నాకు బయటికి వినిపిస్తూనే ఉంది.

"శనివారం పూట ఫోనా? ఏమైంది, లాటరీ తగిలిందా? పని మానేస్తున్నావా?"

"మానేస్తున్నా" అన్నాడు. "సోమవారం నా బస్సుకి వేరే మనిషిని చూడు."

ఆమె పెద్దగా నవ్వింది. నవ్వు అయిపోయేదాకా ఆగి, అతను మంగళవారం నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పాడు. టిక్కుల లెక్క చెప్పాడు. బెవ్ గొంతు తగ్గించింది. తర్వాత ఆమె అడిగిన మాట నాకు వినపడలేదు. జవాబు మాత్రం వినపడింది.

"అంతకు ముందు సంగతా? తెలీదు బెవ్. గుడ్లగూబ మంగళవారం పడింది. దానికి ముందు ఏమీ పడలేదంతే."

ఇంటికి వెళ్ళేసరికి వేరా పొర తీసేసి, కూలర్ అడుగు గుడ్డతో మెరిసేలా తుడిచి ఉంచింది. అతను ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి పాకడానికి పూసే జిగురు రాయలేదు, మరలు బిగించలేదు. నన్ను బిగించమన్నాడు, తను చూస్తూ కూర్చున్నాడు. పాట పెట్టాను. స్టెఫానియా పైస్వరం దగ్గర ఊపిరి తీసుకుంది, పాట చివరిదాకా సాగింది. ఆ మిషన్ ఆ తర్వాత ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. అరవై క్యాసెట్లూ మార్చిలోపే ఎక్కించాడు. డాక్టరు దగ్గరికి ఫిబ్రవరిలో వేరా తీసుకెళ్ళింది. ఏమన్నాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. నోటు పుస్తకంలో టిక్కులు మాత్రం ఇప్పుడు వేరా పెడుతుంది.

సోమవారం అతని బస్సు నాకిచ్చారు. నా పాత బస్సుకి కొత్త కుర్రాణ్ణి పెట్టారు. వ్యాలీ రివర్ దారిలో ప్రతి గేటు దగ్గరా అదే ప్రశ్న. గీదో ఏడి? కోరా ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల. గుడ్లగూబను ఇస్తే తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాదే. మంగళవారం పడిపోయింది. వంగితే చెయ్యి అందలేదు."

"గీదోకి చెప్పలేకపోయావా?"

"చెప్పక్కర్లేదు" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "గీదో రోజూ వెనకదాకా వచ్చి చూస్తాడు. మాకు చెప్పాడు."

పిల్లలందర్నీ స్కూల్లో దించి, బస్సును షెడ్డుకు తెచ్చి ఇంజను ఆపాను. చివరిదాకా నడిచాను, పైనా కిందా. వచ్చి పెన్ను తీసి, కాగితం మీద ఆనించి ఆగాను. నడిచానని ఉంది నాకు. పెన్ను అక్కడే పెట్టేసి, ఈసారి వరసలు పైకే లెక్కపెట్టుకుంటూ మళ్ళీ వెనక్కి వెళ్ళాను.