నాది కాని నత్తి

నాకు ఎప్పుడూ నత్తి లేదు.

ఇంత చిన్న వాక్యం. దీన్ని పైకి అనలేక ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లందరి దృష్టిలోనూ నేను చిన్ననాటి నత్తిని జయించి పైకొచ్చిన మనిషిని. ఆ నత్తి ఎస్తేరుది. దాన్ని జయించిందీ ఎస్తేరే. నేను కాజేశాను.

నా తప్పు కంటే ముందు ఎస్తేరు గురించి చెప్పాలి. తప్పించుకోవడానికి కాదు. అదీ కొంత ఉందేమో. కానీ తనెలాంటి మనిషో తెలియకపోతే నేను చేసిన పని ఎంతటిదో మీకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అనకాపల్లిలో ఏ సందులో చూసినా కంప్యూటర్ సెంటర్ బోర్డే. మా నాన్నకి గవరపాలెంలో సైకిల్ షాపు. కంప్యూటర్ చదివితే చాలు, ఉద్యోగం ఇంటికొచ్చి తలుపు కొడుతుందని ఆయనకెవరో చెప్పారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని తీసుకెళ్లి బీయస్సీ కంప్యూటర్స్‌లో కూర్చోబెట్టారు. మొదటి నెలంతా లెక్చరర్లు బోర్డు మీద రాసింది ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దించుకున్నాను. ఒకరోజు సెమినార్ అన్నారు. లేచి నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పాలి. వెళ్లి నిలబడ్డాను. 'మై నేమ్ ఈజ్' దాకా వచ్చాక నా పేరే నాకు గుర్తు రాలేదు. క్లాసంతా ఒకటే నవ్వు. వచ్చి బెంచీ మీద తల పెట్టుకుని ఏడిచాను.

పక్కనొచ్చి కూర్చున్నది ఎస్తేరు. మాకవరపాలెం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఓదార్చలేదు. రేపు మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని సైకిల్ స్టాండుకి రమ్మంది, అంతే.

సైకిల్ స్టాండు వెనక నీడలో నాలాంటివాళ్లనే ఇంకొందరిని పోగుచేసింది. రోజుకొకరు లేచి ఇంగ్లీషులో తమ గురించి చెప్పాలి. నవ్వకూడదు. మాట తట్టక ఆగిపోతే ఎవరూ అందించకూడదు. ఎంతసేపైనా ఆగాలి.

ఇది తను కనిపెట్టింది కాదు. వాళ్ల ఊరి చర్చి ఒక రేకుల షెడ్డు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. ఎవరైనా లేచి తమ బతుకులో దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెబుతారు. విన్నవాళ్లు ఆమేన్ అంటారు. ఎస్తేరుకి చిన్నప్పుడు బాగా నత్తి. బడిలో పిల్లలు వెక్కిరిస్తే మాట్లాడటమే మానేసిందట. వాళ్లమ్మ చెరుకు కోతలకి వెళ్లే మనిషి. ఆవిడ ప్రతి ఆదివారం కూతుర్ని లేపి నిలబెట్టి, ఒక్క వాక్యం చెప్పు చాలు అనేదట. ఆ ఒక్క వాక్యం పూర్తయ్యేదాకా చాపల మీద కూర్చున్న జనమంతా కదలకుండా ఎదురుచూసేవారట. ఎవరైనా జాలిపడి మాట అందించబోతే వాళ్లమ్మ ఊరుకునేది కాదు. నువ్వు అందించేవంటే ఆ మాట నీదైపోద్ది, మా పిల్లది కాదు అనేదట. అలా ఏళ్లు గడిచాక ఒక ఆదివారం ఎస్తేరు ఎక్కడా ఆగకుండా మొత్తం చెప్పింది. షెడ్డు రేకులు అదిరేలా ఆమేన్ అన్నారట.

ఇదే తన సాక్ష్యం. దీన్నే ఇంగ్లీషులోకి మార్చుకుని మాకు చెప్పేది. ఎన్నిసార్లు విన్నా చివరికొచ్చేసరికి నా ఒళ్లు జలదరించేది. మొదట్లో వేళాకోళంగా, తర్వాత అలవాటుగా మేమందరం ఆమేన్ అనేవాళ్లం. ఒకసారి ఇంట్లో మా నాన్న సైకిళ్ల బేరం గురించి ఏదో చెప్పి ముగించగానే నా నోటివెంట ఆమేన్ వచ్చేసింది. మా నాయనమ్మ ఊరి అమ్మవారు నూకాలమ్మకి దణ్ణం పెట్టించేదాకా వదల్లేదు.

మూడేళ్లలో నాకు నోరొచ్చింది. నిజం చెప్పాలంటే ఎస్తేరు తెప్పించింది. నేను తడుముకుంటున్నప్పుడు ఆ పిల్ల మొహంలో విసుగన్నది ఒక్కనాడూ చూడలేదు. నా నోట్లోంచి రాబోయే మాట ఏదో బంగారమైనట్టు చూసేది. అలా చూసే మనిషిని మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఫైనలియర్‌లో హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. రాత పరీక్ష గట్టెక్కాం. ఇక ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం వస్తే వాళ్లమ్మని చెరుకు కోతలు మాన్పించాలని ఎస్తేరు ఆశ. నాకు అలాంటి అవసరమేమీ లేదు. భయం మాత్రం ఉంది. రాకపోతే మళ్లీ ఆ బెంచీ మీద తల పెట్టుకోవాలని భయం.

రోల్ నంబర్ల వరసలో పిలిచారు. తనకంటే నేను ముందు.

నా గురించి నేను రాసుకుని బట్టీ పట్టిన పేరాగ్రాఫ్ ఒకటుంది. మొదలుపెట్టాను. లోపలున్న పెద్దమనిషి చెయ్యెత్తి ఆపారు. బట్టీ పట్టింది వద్దమ్మా, నీకు నిజంగా జరిగింది ఒక్కటి చెప్పు అన్నారు. నాకు నిజంగా ఏం జరిగింది? సైకిల్ షాపు, గవరపాలెం, మూడుపూటలా భోజనం. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదనిపించింది. నిజానికి జరిగింది. బెంచీ మీద ఏడ్చిన పిల్లని ఒకమ్మాయి లేవదీసింది. అది చెప్పొచ్చు కదా? ఇప్పటికీ నన్ను తినేసే ప్రశ్న ఇదే. అది చెబితే గొప్ప ఎస్తేరుదవుతుంది, నాది కాదు. అందుకే కదా చెప్పలేదు?

చిన్నప్పుడు నాకు నత్తి ఉండేది సార్ అన్నాను.

మిగతాదంతా అదే వచ్చేసింది. ఇన్నిసార్లు విన్నానేమో, నా పేరా కంటే బాగా వచ్చింది. చర్చి బదులు అమ్మవారి గుడి అన్నాను. చాపల మీద జనాన్ని అలాగే ఉంచాను. నోరు జారింది, మైకం కమ్మింది అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. ఎందుకంటే మధ్యలో ఒకచోట నేను కావాలని తడబడ్డాను. ఆ పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. అది చూశాను. చూసి, ఇక ఫర్వాలేదనుకున్నాను.

బయటికొచ్చాక ఎస్తేరు ఎదురొచ్చి నా భుజం తట్టి లోపలికెళ్లింది. అప్పుడైనా చెప్పొచ్చు. నీ కథ వాడేశాను, ఇంకేదైనా ఆలోచించుకో అని ఒక్క మాట. తలుపు దగ్గర రెండడుగులు నా ముందే నడిచింది. నేను నోరు తెరవలేదు.

తను తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"ఏటడిగేరే?" అన్నాను.

"నీకు జరిగింది సెప్పమన్నారు. సెప్పేను. ఇందాకే ఒకమ్మాయి ఇదే సెప్పిందమ్మా, మీకెవరు బట్టీ పట్టించేరు అన్నారు."

"నువ్వేటన్నావు?"

"ఇంకోటి సెప్పమన్నారే. ఇంకోటి ఎక్కడ్నించి తెత్తాను? నాకు జరిగింది అదొక్కటే కదా. నిజమే సార్ అందామని నోరు తెరిచేను. న... న..."

"నత్తి వచ్చిందా?"

మూడేళ్లలో మొదటిసారి నేను మాట అందించాను. తను నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"అందించకే," అంది మెల్లగా. "నేనే సెప్తాను. నత్తి వచ్చింది. నటించకమ్మా అన్నారు."

అంతే. ఆ అమ్మాయి ఎవరై ఉంటుందే అని నన్ను అడగలేదు. ఇంకెవర్నీ అడగలేదు. తెలియని మనిషైతే అడుగుతుంది కదా? అందుకే తనకి తెలుసని నా నమ్మకం.

సాయంత్రం బోర్డు మీద పేర్లు పెట్టారు. నాది ఉంది. ఎస్తేరు నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుని ఆమేన్ అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. ఉంటే బాగుండు. లేదు. ఆ పిల్లకి ఎత్తిపొడవడం చేతకాదు.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆ పెద్దమనిషి నన్ను అందరి ముందూ నిలబెట్టి, ఈ అమ్మాయి నత్తిని జయించి వచ్చిందని చెప్పారు. చప్పట్లు. అప్పటినుంచి అది నన్ను వదల్లేదు. మీటింగులో నేను ఆలోచించుకుంటూ ఒక్క క్షణం ఆగితే చాలు, అందరూ ఎంతో మర్యాదగా ఎదురుచూసేవారు. ఎవరూ మాట అందించేవారు కాదు. ఎస్తేరుకి దక్కాల్సిన ఆ ఓపికంతా నా మీద పోశారు. పెళ్లయ్యాక మావారు ఎవరి నోటివెంటో విని, నీకు నత్తా అని ఆశ్చర్యపోయారు. చిన్నప్పుడులెండి అన్నాను. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుండదు.

ఎస్తేరు ఆ తర్వాత బీయీడీ చేసి నర్సీపట్నం వైపు ఒక బడిలో టీచరైందని తెలిసింది. తను స్థిరపడేదాకా వాళ్లమ్మ ఇంకా కొన్నేళ్లు చెరుకు కోతలకి వెళ్లింది. ఆ ఏళ్లు నావి. ఆ కోతలు నావి. తన క్లాసులో ఏ పిల్ల ఆగిపోయినా మిగతా పిల్లలు నోరెత్తకుండా కూర్చుంటారని, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని పాత స్నేహితురాలొకామె చెప్పింది. విని ఎంత పొంగిపోయానో చెప్పలేను. పొంగిపోయే హక్కు నాకుందా? లేదు. అయినా పొంగిపోయాను.

ఆమె దగ్గర నంబరు తీసుకుని ఒకసారి ఫోన్ చేశాను. ఎవరండీ అంది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. మామూలుగా ఎవరైనా రెండుసార్లు హలో హలో అని పెట్టేస్తారు. ఎస్తేరు పెట్టలేదు. మళ్లీ అడగనూ లేదు. అవతల ఊరికే ఆగింది. మాట పూర్తయ్యేదాకా ఆగడమే కదా తనకి తెలిసింది. నా మాట మొదలే కాలేదు. నేనే పెట్టేశాను.

తనకి చెప్పలేనిది మీకు చెప్పాను. దీంతో ఏదో తీరిపోతుందని కాదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి నేను చెబుతున్నది నాకు నిజంగా జరిగింది. ఇంకోటి చెప్పమంటే నా దగ్గర లేదు. ఇది మాత్రం నాదే, ఎవరూ అందించింది కాదు.

ఆమేన్ అన్న చివరి మాట, చెప్పినవాళ్లు అనకూడదు. విన్నవాళ్లు అనాలి, అనాలనిపిస్తేనే. సైకిల్ స్టాండు దగ్గర మా పద్ధతి అది. నేను చెప్పడం అయింది. కూర్చుంటున్నాను.