విరిగిన సూది మొన

పిల్లల చలికోట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ లైనక్క అంటారు. మిషన్ల వరుసల మధ్య తిరుగుతూ కుట్లు చూడటం ఆమె పని. వెనకాల మాత్రం ‘మహాతల్లి’ అనుకుంటారు. దానికి కారణం సూది. సూది విరిగితే మిషను ఆపాలి, ముక్కలన్నీ ఏరి ఆమెకు చూపించాలి, అప్పుడే కొత్త సూది ఇస్తుంది. మొన దొరక్కపోతే కుట్టిన కోట్లన్నీ తడిమి వెతకాల్సిందే. ఈమధ్య సొంత తోడికోడలే మొన పోయిన సంగతి చెప్పకుండా నోరు మూసుకుంటే, మిషను మీంచి లేపి దారాలు కత్తిరించే బెంచీ మీద కూర్చోబెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు ఒకావిడ పనికి రాలేదు. గేటు దగ్గర లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. లైనక్కే ఆ మిషను మీద కూర్చుంది. ఒక కోటు కాలర్ మడత దగ్గర టప్పుమని సూది విరిగింది. మొన కనబడలేదు. చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. మర్నాటి నుంచి ఫ్లోరంతటికీ ఆమెనే పెద్దను చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. కొత్త సూది బిగించుకుంది. అడిగేవాళ్లెవరు, ఇచ్చేది తానే కదా! కోట్లు పెట్టెలోకి వెళ్లాయి. పెట్టె మీద టేపు చర్రుమంది.

ఆ చప్పుడుకు ఆమె దిగ్గున లేచింది.

“ఆపండి! సూది మొన పోయింది. ఆ పెట్టె విప్పండి.”

మేనేజరు పరుగున వచ్చాడు. “ఎవరి మిషన్లో?”

“నాదే సార్.”

“నేల మీదెక్కడో పడుంటుందిలేమ్మా. అవతల లారీవాడు నా ప్రాణం తోడేస్తున్నాడు.”

“చంటిపిల్ల మెడకు గుచ్చుకునేది సార్ అది.”

విసుక్కుంటూనే అందరూ వెతికారు. కాలర్ మడతలోనే దొరికింది. లారీ వెళ్లిపోగానే మేనేజరుకు ఎక్కడలేని పెద్దమనసూ పుట్టుకొచ్చింది.

“పోనీలే, నీ అంతట నువ్వే చెప్పావు, దాచలేదుగా! రేపటి మాట మాటే.”

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది.

“దాచాను సార్. పెట్టె మూసేదాకా దాచాను.”

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

“అంత లోతుగా నిన్నెవరడిగారమ్మా?”

“ఆమెను నేనడిగాను సార్,” అంటూ తోడికోడలి వైపు చూపించింది.

మెడలోని లైను పెద్ద కార్డు తీసి మిషను మీద పెట్టి, నేరుగా దారాలు కత్తిరించే బెంచీ దగ్గరకు నడిచింది. తోడికోడలు తలెత్తలేదు గానీ కాస్త పక్కకు జరిగింది.

“ఏంటక్కా, నన్ను మళ్లీ మిషను ఎక్కించడానికొచ్చావా?”

“ఎక్కించే పని ఇక నాది కాదే.”

“అయితే కూర్చో మహాతల్లీ,” అని మొదటిసారి ముఖం మీదే అనేసి, కత్తెర చేతికిచ్చింది. “అలా లాగకు, కుట్టు ఊడొస్తుంది. ఇదిగో, ఇలా పట్టుకో.”