కూత పడేదాకా

ఆ కాలంలో మా బోధన్‌లో పిల్లల్ని ఎవరూ పెంచేవారు కాదు. పిల్లలే పెరిగేవారు. తప్పు చేస్తే వీపు మీద ఒకటి పడేది, ఏడిస్తే చేతిలో బెల్లం ముక్క పడేది, రెంటికీ మధ్య పెద్దగా ఎడం ఉండేది కాదు. ఈ రెండూ అనాగరికమని ఊరు మొత్తమ్మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. హైదరాబాదులో బి.ఏ. చదివొచ్చి, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లకు చీటీలు రాసే గుమాస్తాను కదా, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? కోఠీలో రోడ్డు పక్కన కొన్న, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి నాకు జ్ఞానం ప్రసాదించింది. పసివాణ్ని కొట్టకూడదు, తిట్టకూడదు. ఒక మూల కూర్చోబెట్టి కాసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ చూడకూడదు. వాడే ఆలోచించుకుని బాగుపడతాడు. (రెండున్నరేళ్లవాడు ఏం ఆలోచిస్తాడో అందులో లేదు. ఆ పేజీ అట్టతోపాటే పోయి ఉంటుంది.)

మా బుడ్డోడికి సరిగ్గా అదే వయసు. చేతికందినదాన్ని మంచినీళ్ల రంజన్‌లో వేయడం వాడి వృత్తి. ఇసుకలో సగం పాతిన ఆ పెద్ద మట్టికుండ మూతి వాడి గడ్డానికి అందేది. చెంచాలు, మా ఆవిడ దువ్వెన, మా అవ్వ తమలపాకుల సంచి, నా ఎడమ కాలి చెప్పు, అన్నీ ఆ నీళ్లు తాగినవే. ఆ నీళ్లు మేమూ తాగినవాళ్లమే. నాకు కోపం ఎక్కువ అని నేను అనను. తక్కువ అని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు. అయినా ఆ కోపమంతా దిగమింగి, వరండా మూలలో ఒక చిన్న పీట వేసి, వాణ్ని గోడవైపు కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు కొలవడానికి పెళ్లినాటి చేతి గడియారం విప్పి పక్కన పెట్టాను. నియమం ప్రకారం ఎవరం చూడలేదు. ఎవరం చూడలేదు కాబట్టి వాడు లేచి గడియారాన్ని రంజన్‌లో వేసి, మళ్లీ వచ్చి బుద్ధిగా పీట మీద కూర్చున్నాడు.

"మీ బాపు పట్నంల సదువుకున్నడు బిడ్డా," అంది మా ఆవిడ, గుడ్డతో గడియారం తుడుస్తూ. "ఇగ నువ్వు తప్పు జేసినా ఇంగ్లీషులనే జెయ్యాలె."

గడియారం పోయాక ఇంట్లో మిగిలిన కాలమానం ఫ్యాక్టరీ కూత ఒక్కటే. ఒకటిన్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి ఊరంతా అదిరేలా కూసేది. మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికొచ్చిన వేళనే వాడూ పని మొదలుపెట్టేవాడు గనుక, ఒకటిన్నర కూత వాడికి విడుదల, రెండింటి కూత నాకు మళ్లీ ఖైదు అని ఏర్పాటు చేశాను. "కూత పడేదాకా లేవొద్దు" అన్నాను. వాడు తల ఊపాడు. రెండు మూడు రోజులు పద్ధతి ఎంత చక్కగా నడిచిందంటే, ఆఫీసులో ముగ్గురికి ఉచితంగా బోధించాను కూడా. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి వరండాలోంచి "కూ...!" అని సన్నగా, సాగదీసి ఒక కూత వినిపించింది. ఆ వెంటనే రంజన్‌లో బుడుంగుమని చప్పుడైంది.

నకిలీ కూత! కూసిన ఫ్యాక్టరీ నా ఎదుట చొక్కా లేకుండా నిలబడి నవ్వుతోంది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఆ పుస్తకం రాసినవాడికి వచ్చి ఉంటే పుస్తకం రాసేవాడు కాదు. వాణ్ని ఎత్తి పీట మీద కుదేసి, "ఒకటిన్నర కూత రద్దు. రెండింటిదాకా కదిలావో!" అని అరిచాను. వాడు ఏడుపు అందుకున్నాడు. మా ఆవిడ లేవబోతే, "ఎవరూ మాట్లాడొద్దు, వాడి ముఖం చూడొద్దు!" అని ఇంటి మొత్తానికి ఆజ్ఞ జారీ చేశాను.

అంతవరకు తలుపు దగ్గర చాటలో బియ్యం ఏరుతున్న మా అవ్వ చాట కింద పెట్టి లేచింది. మా అమ్మనే మేం అవ్వ అనేవాళ్లం. నేరుగా వచ్చి బుడ్డోడి పక్కన నేల మీద కూర్చుని, వాణ్ని ఒళ్లోకి లాక్కుంది.

"కొట్టు. రెండు సరువు. గదొక తీరు," అంది. "గని మాట్లాడొద్దు, సూడొద్దు, దగ్గరికి పోవద్దు అంటే గిది దండన గాదురా. గిది కట్టు."

కట్టు అంటే మా సొంతూరు వేల్పూర్ పక్క పల్లెల్లో అందరికీ తెలుసు. ఊరి మాట దాటిన ఇంటితో ఎవరూ మాట్లాడరు. నిప్పివ్వరు, నీళ్లివ్వరు, కూలికి రారు.

"నువ్వింకా పుట్టలే. కట్టుల ఉన్నోళ్లకు పసుపు మోసుకునెతందుకు నీ బాపు బండిచ్చిండని మాకూ కట్టు వెట్టిండ్రు. మా పసుపు భూమిలనే మురిగింది, పోనీ. మీ అక్క గప్పుడు గింతంత పోరి. రోజు ఆడుకునే ఇంటి గడప కాడికి పోయి పెద్దవ్వా, పెద్దవ్వా అని పిలిస్తే, లోపట మనుషులుండి పలుకలేదురా. పోరి నా దగ్గరికొచ్చి ఏమడిగిందో ఎరికేనా? 'అవ్వా, నేను కనవడ్తలేనా?' అని."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ బి.ఏ. చదివినవాణ్ని. "అదంతా వేరే అవ్వా. ఇది శాస్త్రం. నీకు తెలవదు," అన్నాను.

"గట్లనా? అయితే నాకూ జర నేర్పు. ఓ పిల్లా! వీనితోని మాట్లాడొద్దు. చాయ్ వొయ్యొద్దు. మొఖం సూడొద్దు."

"ఎప్పటిదాంక అత్తమ్మా?"

"కూత వడేదాంక."

"ఏ కూత?"

"గది నేను జెప్త."

మా ఆవిడ అత్తగారి మాటను అంత శ్రద్ధగా పాటించడం అదే మొదలు. నాకు తెలిసి అదే చివర కూడా. రాత్రి కంచం వరండాలోకి వచ్చింది, తెచ్చిన మనిషి మాత్రం కనిపించలేదు. "పప్పులో ఉప్పు లేదు" అని గోడకు విన్నవించుకున్నాను. గోడ పలకలేదు. తెల్లారి "నా చొక్కా ఏది?" అని అరిచాను, బతిమాలాను, చివరికి నలిగిన చొక్కాతోనే డ్యూటీకి వెళ్లాను. అక్కడ బండ్లవాళ్ల మీద ఉత్తపుణ్యానికి విరుచుకుపడితే, ఒక రైతు తాపీగా, "ఏంది సారూ, ఇంట్ల చాయ్ పొయ్యలేదా?" అన్నాడు. నిన్నటినుంచి నన్ను పలకరించిన మొదటి ఆప్తుడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (చెరకు పిప్పి దుమ్ము పడిందని చెప్పాను.)

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కోపం నషాళానికంటింది. సరే, మీకూ సిగ్గు తెప్పిస్తాను అని, పోయి బుడ్డోడి పీట మీదే గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆ పీట నాలో సగానికే సరిపోయింది. లోపల గాజుల చప్పుడు, గుసగుసలు. ఎవరూ రాలేదు. గోడ మీద పెచ్చులూడిన సున్నం చూస్తూ కూర్చుంటే, వెనక ఉన్న ఇంట్లో నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చింది. అవ్వనడగాలనిపించింది, అక్క అడిగిన మాటే. రోషం అడగనివ్వలేదు.

చిన్న పాదాల చప్పుడు వినిపించింది. బుడ్డోడు వచ్చి పక్కన నిలబడి నా ముఖంలోకి వంగి చూశాడు. ఆ ఇంట్లో కట్టు సంగతి తెలియనివాడు వాడొక్కడే. ఆ పీట మీంచి లేచే పద్ధతి కూడా తెలిసినవాడు వాడొక్కడే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ముఖం ఎర్రబడేదాకా, "కూ...!" అన్నాడు.

"లే బాపూ, కూత వడ్డది."

అసలు కూతకు ఇంకా చాలా సమయం ఉంది. అది నకిలీదని నాకంటే బాగా తెలిసినవాడు లేడు. లేచి నిలబడ్డాను.

లోపల మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పడీపడీ నవ్వుతోంది. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చి, ముఖం పక్కకు తిప్పుకునే అంది: "పోరడు కట్టు ఇప్పిండు. ఇగ మనమెవలం?" ఆ నీళ్లు తాగుతుంటే పెదవికేదో తగిలింది. నా చొక్కా గుండీ. కోపం వచ్చింది, కానీ నోటి నిండా నీళ్లున్నాయి.

బుడ్డోడిప్పుడు నాకంటే ఎత్తు, నాకంటే కోపిష్టి. గడియారం సంగతి ఎత్తితే తనకేమీ గుర్తులేదంటాడు, ఆ విషయంలో వాణ్ని నేనింకా క్షమించలేదు. ఈ వయసులో అలగడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు గనుక, వారానికోసారైనా వరండాలో కుర్చీ వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాను. లోపలినుంచి ఎవరూ పిలవరు. అక్క అడిగిన మాట నేనూ అడగను. కాసేపటికి అటూ ఇటూ చూసి, నోటికి చేతులడ్డం పెట్టుకుని సన్నగా నేనే ఒక కూత వేసుకుని, లేచి లోపలికి పోతాను. నకిలీదే. బాగానే పనిచేస్తుంది.