బావ పెట్టుకున్న బెల్టు

అతని అసలు పేరు షెడ్డుకు వచ్చేవాళ్లలో సగం మందికి తెలియదు. బెల్టు మేస్త్రి అంటే మాత్రం ఎవరైనా దారి చూపిస్తారు. హారన్ మోగడం లేదని కారు తెచ్చినా సరే, ముందు సీటుబెల్టు చివరికంటా బయటికి లాగుతాడు. వేళ్లతో తడుముతాడు, వెలుతురుకు పట్టి చూస్తాడు, నాలుగుసార్లు గుంజుతాడు. ఆ తర్వాతే హారన్ సంగతి. చాదస్తమని నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, వాళ్లకేం తెలుసు.

అది చాదస్తం కాదు, భయం. ఏడేళ్ల కిందట బావ కారులో డ్రైవరు సీటు బెల్టు పాడైతే, పాత కార్లు విడగొట్టి అమ్మే యార్డు నుంచి ఒకటి తెచ్చి తనే బిగించాడు. కొత్తది ఎందుకు దండగ అన్నదీ తనే. బావ సరేనన్నాడు, బావమరిది పనితనం మీద ఆయనకంత గురి. ఆ బెల్టు అంతకుముందే ఏదో గుద్దుడులో ఒక మనిషి బరువు ఆపి, సత్తువంతా పోగొట్టుకుని ఉందని అతను చూసుకోలేదు. చూడటం తెలియక కాదు, భోజనం వేళ దాటిపోతోందని తొందర. మూడు నెలలు తిరక్కుండానే బావ కారు ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. ఆయన ముందు అద్దంలోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు, అక్కడే ప్రాణం పోయింది.

నుజ్జయిన కారును షెడ్డుకు తెచ్చే పని అతని మీదే పడింది. అప్పుడు చూశాడు. బెల్టు కొక్కెం గూట్లో బిగుసుకునే ఉంది. భుజం దగ్గర పట్టీ మాత్రం పుటుక్కున తెగిపోయింది. అంత లోపలికి తొంగిచూసిన వాళ్లెవరూ లేరు. బెల్టు పెట్టుకోలేదు కాబట్టే ఎగిరిపడ్డాడని అందరూ తేల్చేశారు, అక్క కూడా అదే నమ్మింది. అతను ఆ ముక్కలు విప్పి చెత్తలో పారేసి నోరు కుట్టేసుకున్నాడు. పిరికితనం, ఇంకో పేరెందుకు దానికి.

ఆనాటి నుంచి ఎవరైనా కారెక్కి బెల్టు టక్కున తగిలించుకుంటే చాలు, అతని చేతిలో పానా ఆగిపోతుంది. అటు తిరిగితే ఆ సీట్లో బావే కూర్చుని, గట్టిగానే బిగించావుగా అని అడుగుతున్నట్టు ఉంటుంది. కోపంగా అడిగినా బాగుండును. బతికున్నప్పటిలాగే నవ్వుతూ, నమ్మకంగా అడుగుతాడు.

అక్క బావను తిట్టని ఆదివారం లేదు. తమ్ముడింటికి వచ్చి టీ గ్లాసు పట్టుకోగానే మొదలుపెడుతుంది. చిలక్కి చెప్పినట్టు చెప్పిందట బెల్టు పెట్టుకోమని, ఒక్కనాడూ చెవిన వేసుకోలేదట. పెళ్లాం మాట వింటే ఎక్కడ చిన్నబోతాడోనని పంతానికి పోయి, తననూ పిల్లనూ నడివీధిలో వదిలేశాడట. అతను తల వంచుకుని ఊ కొడతాడు.

ఈమధ్య అక్క ఒక పాత కారు కొనుక్కుంది. రోజూ కూతుర్ని కాలేజీలో దింపి తను ఆఫీసుకు వెళ్లాలి. పక్కసీటు బెల్టు పనిచేయదు. బావకు తెచ్చినట్టే యార్డులో ఒకటి చూడమంది. తలుపులు కావాలంటే తెస్తాను, ఇంజను సామాను తెస్తాను, బెల్టు మాత్రం కొత్తదే కొందామని అతను నసిగాడు. బావకో రకం, నాకో రకమా అని దెప్పి, వెంటబెట్టుకుని మరీ తీసుకెళ్లింది.

యార్డు నిండా చక్రాల్లేని కార్లు ఒకదాని మీదొకటి ఎక్కించి ఉన్నాయి. నేలంతా నూనె ఇంకి నల్లబడింది. యార్డు ఆసామి ఒక బెల్టు విప్పి తెచ్చి, నిన్న మొన్నటి సరుకని అక్క చేతికిచ్చాడు. పిల్లకు సరిపోతుందో లేదోనని ఆమె దాన్ని తన ఎదకు అడ్డంగా వేసుకుని చూసుకుంది. అతనికి కనిపించింది. భుజం దగ్గర జానెడు మేర పట్టీ, గుద్దుడులో మనిషి బరువు ఆపిన రాపిడికి కరిగి, నున్నగా మెరుస్తోంది.

"వద్దక్కా. అది తీసెయ్."

"ఏమైంది దీనికి? శుభ్రంగా ఉందిగా."

రంగు బాగాలేదనవచ్చు, పొడుగు చాలదనవచ్చు. ఏడేళ్ల అబద్ధం మీద ఇంకొకటి ఎంత బరువు? నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పట్టీ అక్క ఎద మీద ఉంది.

"ఒకసారి మనిషిని ఆపిన బెల్టు రెండోసారి ఆపుతుందని నమ్మకం లేదు. బావకి నేను బిగించింది ఇలాంటిదే. చూసుకోకుండా బిగించాను. బావ ఆరోజు బెల్టు పెట్టుకునే ఉన్నాడక్కా. అదే తెగింది."

యార్డు ఆసామి మెల్లిగా అవతలికి జారుకున్నాడు. చెంప పగలగొడుతుందేమోనని అతను నిలబడ్డాడు. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"పెట్టుకున్నాడా?" అంది అక్క.

"పెట్టుకున్నాడు. కొక్కెం గూట్లోనే ఉంది. నా కళ్లతో చూశాను."

"అయితే నా మాట విన్నాడన్నమాట."

ఆమె ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది. ఆ వెంటనే పక్కనున్న తుప్పు బానెట్ మీదికి వాలిపోయి భోరున ఏడ్చింది. అతను భుజం మీద చెయ్యి వేయబోతే తీసేసింది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"బెల్టు సంగతి సరే, పొరపాటు అనుకుంటాను. ఏడేళ్లు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టానురా. నువ్వు పక్కనే కూచుని ఊ కొట్టావు."