ఇటుకలెక్కిన బల్ల

మా బావ తాటిచెట్టంత మనిషి. మా అక్క ఆయన గుండెల దాకా వస్తుంది, అంతే. పెళ్లిలో ఇద్దర్నీ ఒకే ఫొటోలో ఇరికించలేక ఫొటోగ్రాఫరు తల పట్టుకున్నాడు. వీధిలో బావని అందరూ నిట్రాడు అంటారు. ఆయనకి కోపం రాదు. రావాల్సిన చోట కూడా రాదు, నాకు ఒళ్లు మండేది అందుకే.

వాళ్లది ఇస్త్రీ పని. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. కొట్టులో ఉన్నది ఒకే బల్ల, అంతకుముందు అద్దెకున్నవాళ్లు మోయలేక వదిలేసిపోయిన మొద్దు బల్ల. దానికే గదంతా సరిపోయింది, రెండోది పెట్టే ప్రశ్నే లేదు. అది అక్క నడుముకి సరిగ్గా అందుతుంది, బావకి తొడల దగ్గరే ఆగిపోతుంది. అయినా ఇస్త్రీ అంతా ఆయనే చేసేవాడు. అక్క నీళ్లు చిలకరించి మడతలు పెట్టేది. "ఆ పెట్టె బరువు నీవల్ల కాదులేవే" అనేవాడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమతోనే పొద్దున్నుంచి వీధి దీపాలు వెలిగేదాకా వంగి, సగం జీవితం వంగే గడిపాడు.

నడుం నొప్పి మొదలయ్యాక ఇంటి వైద్యాలన్నీ అయ్యాయి. అక్క కాపడం పెట్టింది. పక్కింటాయన చెప్పాడని కటిక నేల మీద పడుకున్నాడు. ఎదురింటాయన చెప్పాడని ఆయన చేతే, అంటే ఆయన కాళ్లతోనే, వీపు తొక్కించుకున్నాడు. ఆ తొక్కుడు తర్వాత మంచం దిగడమే గగనమైంది. ఇక నేను నోటికొచ్చినట్టు తిట్టి ఆస్పత్రికి లాక్కెళ్లాను.

అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి, "మీ పని ఎలా చేస్తారో చేసి చూపించండి అంకుల్" అంది. బావ గాలిలోనే వంగి ఓ షర్టు ఇస్త్రీ చేసి చూపించాడు.

"బల్ల మీ నడుం ఎత్తుకి లేపించండి. ఒక కాలు చిన్న పీట మీద పెట్టి నిలబడండి, కాళ్లు మారుస్తూ ఉండండి. మధ్యమధ్యలో ఆపి కాస్త నడవండి. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా, పక్కకి దొర్లి చేతుల మీద లేవండి. కొన్నాళ్లపాటు సగం పూటే పని చేయండి. బరువులు మాత్రం ఎత్తొద్దు. నడుం నరం మీద ఇంకా వత్తిడి పడితే కాలు పడిపోతుంది."

వీధిలో మగవాళ్లు నలుగురు వచ్చి బల్లని ఇటుకల మీదికెక్కించారు. బావ మొదటిసారి నిటారుగా నిలబడి ఇస్త్రీ చేస్తూ, "ఏమేవ్, మన ఫ్యానుకి ఇంత దుమ్ము పట్టిందా!" అన్నాడు. పడీపడీ నవ్వాం. నొప్పి నిజంగానే తగ్గింది. రాత్రిళ్లు మూలుగులు ఆగాయని అక్క నా చేతులు పట్టుకుని చెప్పింది.

సగం పూట ఆయన చేస్తే మిగతా సగం ఎవరు చేయాలి? అక్కే. ఆ బల్ల ఇప్పుడు ఆమె గుండెలకి తగులుతోంది. పెట్టె ముందుకి తోసినప్పుడల్లా భుజం చెవి దాకా లేచేది. కాళ్ల కింద చెక్క వేశాం. బట్టల మూటకోసం దిగడం, ఎక్కడం, దిగడం, చివరికి మడమ మెలికపడి చెక్కని మూలకి నెట్టేసింది. నోరు మాత్రం విప్పలేదు. ఓ సాయంత్రం నేను వెళితే దువ్వెన నా చేతిలో పెట్టి, "జడ వేసిపెట్టవే, చెయ్యి పైకి లేవట్లేదు. మీ బావకి చెప్పకు" అంది.

"బల్ల దించుకోవే మరి."

"దించితే ఆయన నడుం పోతుంది. ఉంచితే నా భుజం పోతుంది. ఏదో ఒకటి పోయేదే కదా, నాదే పోనీ."

రెండు గదుల మధ్య తెరకి అవతల పడుకున్న బావ అంతా విన్నాడని మాకు అప్పుడు తెలియదు.

మర్నాడు అక్క ఇళ్లకి బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లింది. బావ ఎవరినీ పిలవలేదు. పిలిస్తే వీధంతా గోల, ఆ గోలకి అక్క వచ్చి అడ్డం పడుతుంది. బల్ల కిందికి దూరి, దానికి వీపు ఆనించి, కారు కింద జాకీలాగా ఒక్కో మూలా పైకి లేపి, కాలితో ఇటుకలు తన్నేశాడు. మూడు మూలలు దిగాయి. నాలుగోది లేపుతూ కూలబడ్డాడు.

అక్క ఫోను చేస్తే పరిగెత్తుకెళ్లాను. బల్ల ఓ పక్కకి ఒరిగి ఉంది, బావ నేల మీద చెమటలో తడిసి ఉన్నాడు. "నీకసలు బుర్రుందా బావా? బరువులు ఎత్తొద్దందా లేదా ఆ అమ్మాయి?" అని అరిచాను.

"చేతుల్తో ఎత్తలేదుగా" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "ఆ నాలుగోది కూడా తీయించి నిలబడి చూడవే, భుజం లేస్తోందేమో" అన్నాడు.

ఆపరేషన్ అయింది. ఎడమ కాలు మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. ఇక రాదన్నారు.

ఇప్పుడు బల్ల అక్క ఎత్తులోనే ఉంది. కానీ రెండు పూటలూ ఆమే నిలబడాలి. భుజం కోలుకోవడానికి ఖాళీ ఎక్కడ? కసరత్తులు నేర్పించాను, చేస్తానంటుంది, చేయదు. బావ వెనకగది గుమ్మం దగ్గర పరుపు వేయించుకుని ఆమెనే చూస్తూ పడుకుంటాడు. ఆమె భుజం కాస్త పైకి లేచిందంటే చాలు, "భుజం" అంటాడు. అక్క దించుతుంది. రోజంతా ఆయన చేసే పని అదొక్కటే. ఇద్దరి మీదా నాకు చెప్పలేనంత కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

నిన్న నేను వెళ్లేసరికి ఆమె ఓ దుప్పటి ఇస్త్రీ చేస్తోంది.

"భుజం" అన్నాడు బావ.

అక్క దించలేదు.

"భుజం దించవే."

"దించే ఉంచానండీ" అంది అక్క. అది చెవి దగ్గరే ఉంది.