గరిక చచ్చిన నేల

ఎనభైల్లో ఓ సాయంత్రం, సముద్రానికి దగ్గర్లో కట్టుకున్న కొత్తింటి ముందు వేద్దామని కడియం నర్సరీలో లాన్ గడ్డి కొని, గోనెసంచితో నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. పక్కనున్న పెద్దాయన ఎక్కడికని అడిగి, సముద్రం దగ్గర మా కొత్తింటికని చెప్పగానే ఆ గడ్డిని వేళ్ళతో తడిమారు.

“అక్కడ గరిక బతుకుతోందాండీ?”

“లేదండి, ఎండిపోయింది. అందుకే ఇది కొన్నాను.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “మా ఊళ్ళోనూ ముందు గరికే చచ్చిపోయిందండి. మేం పట్టించుకోలేదు.”

“తర్వాత ఏమైందండి?”

“ఇప్పుడక్కడ ఎవరూ ఉండట్లేదండి” అని, పంటు ఆగగానే దిగి వెళ్ళిపోయారు.

నేను గడ్డి వేసి, రోజూ నూతినీళ్ళు పోశాను. నెల తిరక్కుండానే అది సముద్రం వైపు నుంచి మాడుతూ వచ్చింది. ఒక పొద్దున మా ఆవిడ నూతినీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

“ఉప్పగా ఉన్నాయేంటండీ?” అంటూ గ్లాసు నాకందించింది.

తాగి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.